ఒకే పెట్టె, దేశానికో ముద్ర: ఏది ముందు చేయించుకోవాలి, ఏది ఆపుకోవచ్చు

మేం చేసేది చిన్న పెట్టె. అరచేతిలో పడుతుంది. గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో గోడకు బిగిస్తే లోపలి వేడి, తేమ చదివి వై-ఫై మీద ఓనరు ఫోనుకు పంపుతుంది, కంప్రెసర్ ఆగిపోతే అర్ధరాత్రయినా సరే మోగి లేపుతుంది. మొదట్లో తెలిసినవాళ్ళకే ఇచ్చుకున్నాం. తర్వాత ఒకే నెలలో మూడు ఫోన్లు వచ్చాయి. షార్జాలో కూరగాయల గోడౌన్ చూసుకునే మన తెలుగాయన ఒకరు, జర్మనీలో ల్యాబ్ ఫ్రిజ్‌లు అమ్మే పంపిణీదారు ఒకరు, మూడోది న్యూజెర్సీ నుంచి మా బామ్మర్ది. "బావా, ఇక్కడ మనవాళ్ళ గ్రోసరీ కొట్లన్నిట్లో వాక్-ఇన్ కూలర్లు ఉంటాయి, ఓ వంద పంపు, నేను పెట్టిస్తా" అన్నాడు. ముగ్గురికీ కావాల్సింది అదే పెట్టె. దాని వెనక అతికించాల్సిన స్టిక్కర్, అంటే ఆ దేశపు భద్రత, రేడియో నిబంధనలకు సరిపోయిందని చెప్పే ముద్ర మాత్రం ఏ ఇద్దరికీ ఒకటి కాదు.

నెల రోజులు కూర్చుని దేశాల పట్టిక వేశాం. ఏ దేశానికి ఎంత ఖర్చు, ఎన్ని వారాలు, ఎన్ని శాంపిల్స్. కొటేషన్లు తెప్పిస్తే ఒకే పనికి ఒక ల్యాబ్ చెప్పిన ధర ఇంకో ల్యాబ్ ధరకు రెట్టింపు. తల తిరిగిపోయింది. ఆఖరికి ఓ టెస్ట్ ఇంజినీరు కుర్రాడు టీ తాగుతూ అడిగిన రెండు ప్రశ్నలతో ఆ పట్టిక చింపి పారేశాం. "సార్, మీ పెట్టెలోకి 230 వోల్టులు వస్తాయా? లోపల రేడియో మీరు గీసుకున్నదా, కొన్న రెడీమేడ్ మాడ్యూలా?" ఈ రెండిటికీ జవాబు తేలకుండా దేశాలు పోల్చుకోవడం దండగ. అందుకే నేనూ ముందు అవే చెప్తాను, దేశాలు తర్వాత.

కరెంటు ఎటునుంచి వస్తోంది

మూడు దారులున్నాయి. పవర్ సప్లై పెట్టె లోపలే పెట్టుకుని నేరుగా లైనుకు కలపడం మొదటిది. డబ్బాలో ఒక అడాప్టర్ కూడా వేసి అమ్మడం రెండోది. యూఎస్‌బీ సాకెట్ మాత్రం ఇచ్చి "అడాప్టర్ మీరే తెచ్చుకోండి" అనడం మూడోది.

మా మొదటి డిజైన్ మొదటి రకమే. ఎలక్ట్రీషియన్‌కు సుఖం, రెండు వైర్లు బిగిస్తే చాలు. కానీ 230 వోల్టులు పెట్టెలోకి వచ్చిన క్షణం నుంచి మీరు సెన్సర్ తయారీదారు కాదు, పవర్ సప్లై తయారీదారు. లైను కరెంటు వచ్చే ప్రైమరీకీ, తక్కువ వోల్టేజీ ఇచ్చే సెకండరీకీ మధ్య బోర్డు మీద ఎన్ని మిల్లీమీటర్ల ఖాళీ ఉంది, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టిందెవరు, ఫ్యూజుకీ కెపాసిటర్లకీ విడివిడిగా సర్టిఫికెట్లున్నాయా, డబ్బా ప్లాస్టిక్ మంట అంటుకుంటే తనంతట ఆరిపోయే రకమేనా, మూడు వేల వోల్టులతో చేసే హై-పాట్ అనే ఇన్సులేషన్ పరీక్ష తట్టుకుంటుందా, ఒక్కో భాగాన్ని కావాలని షార్ట్ చేస్తే పొగ వస్తుందా రాదా... ఇదంతా మీ నెత్తినే. పైగా అమెరికాలో 120 వోల్టులు, జపాన్‌లో 100. ఏడాదికి వేలల్లో అమ్మేవాళ్ళకు, గోడలోపల బిగించే స్విచ్‌లలాంటివి చేసేవాళ్ళకు తప్పదు. మాలాంటి వాళ్ళకు వద్దు. గట్టిగా వద్దు.

రెండోది మధ్యేమార్గంలా కనిపిస్తుంది. అడాప్టర్‌కు ఎలాగూ దాని తయారీదారు ముద్రలు వేయించి ఉంటాడు కదా అని. నిజమే, కానీ ఇందులో ఒక మెలిక ఉంది, చాలామంది అక్కడే జారతారు. మన దేశంలో ఐటీ పరికరాల అడాప్టర్ బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) తప్పనిసరి రిజిస్ట్రేషన్ జాబితాలో ఉంది. ఆ రిజిస్ట్రేషన్ ఒక ఫ్యాక్టరీకి, ఒక బ్రాండ్‌కి కట్టి ఉంటుంది. చైనా నుంచి తెప్పించిన అడాప్టర్ మీద ముచ్చటపడి మీ కంపెనీ లోగో ముద్రించారనుకోండి, ఆ బ్రాండ్‌కు ఆ నంబరు వర్తించదు, మళ్ళీ మొదటికొస్తుంది. లోగో మోజు మానుకుని తయారీదారు పేరుతో ఉన్నదాన్నే డబ్బాలో వేసుకుంటే గొడవ లేదు. కొనేముందు అడాప్టర్ మీది ఆర్-నంబరును, అంటే ఆ రిజిస్ట్రేషన్ నంబరును, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. ఎవరి పేరు, ఏ బ్రాండ్, ఇంకా బతికే ఉందా లేదా అంతా కనిపిస్తుంది. ఒకసారి మా సరఫరాదారు పంపిన నంబరు కొట్టి చూస్తే ఎప్పుడో గడువు తీరిపోయింది. అడిగితే "అందరూ అదే వాడుతున్నారు సార్" అన్నాడు!

ఇక మూడోది, యూఎస్‌బీ. కొనేవాళ్ళు కాస్త గొణుగుతారు, "అడాప్టర్ కూడా ఇవ్వరా" అని. ఇవ్వకపోవడం వల్ల మిగిలేది చూడండి: అడాప్టర్‌కు బీఐఎస్ తలనొప్పి లేదు, ఇంగ్లండ్‌కు ఫ్యూజు ఉన్న మూడు పలకల ప్లగ్గు వెతకక్కర్లేదు, జపాన్‌లో అడాప్టర్‌కు పడే వజ్రం ఆకారపు పీఎస్ఈ భద్రతా ముద్ర మనది కాదు, గల్ఫ్ దేశాల భద్రతా ముద్ర జీ-మార్క్ 50 నుంచి 1000 వోల్టుల ఏసీ పరికరాలకు కాబట్టి మన ఐదు వోల్టులకు తగలదు. ఒక్క నిర్ణయంతో నాలుగు దేశాల ఖర్చు తగ్గింది. మేం ఇక్కడికే వచ్చాం, ఆలస్యంగా.

బ్యాటరీ సంగతీ ఇక్కడే. కరెంటు పోతేనే కదా అలారం కావాల్సింది, కాబట్టి బ్యాకప్ ఉండాలి. లిథియం సెల్ పెడితే దానికి విడిగా బీఐఎస్ రిజిస్ట్రేషన్ ఉండాలి, విమానంలో పంపాలంటే యూఎన్ 38.3 అనే బ్యాటరీ రవాణా భద్రత పరీక్షల కాగితం కావాలి. కొట్లో దొరికే డబుల్-ఏ సెల్స్ వేసుకునే గూడు పెడితే ఈ రెండూ పోతాయి. బటన్ సెల్ చిన్నదే కదా అని పెట్టకండి, పసిపిల్లలు మింగేసిన ప్రమాదాల తర్వాత ఆస్ట్రేలియా 2022లో, అదే ఏడాది అమెరికా రీస్ చట్టంతో దానికి ప్రత్యేక నిబంధనలు తెచ్చాయి. మూత తెరవాలంటే స్క్రూడ్రైవర్ లాంటి సాధనమైనా కావాలి, ఒకేసారి రెండు రకాల కదలికలైనా చేయాలి, హెచ్చరిక కూడా ముద్రించాలి.

రేడియో ఎవరిది

చిప్ కొని యాంటెన్నా మనమే బోర్డు మీద గీసుకుంటే ఒక్కో పెట్టెకు వంద రూపాయల దాకా మిగలొచ్చు. రేకు డబ్బా మూత వేసి, యాంటెన్నాతో సహా వచ్చే ఈఎస్‌పీ32 లాంటి మాడ్యూల్ కొంటే ఆ వంద పోతుంది. పదివేల పెట్టెలు దాటేదాకా ఆ వంద గురించి ఆలోచించకండి. అమెరికాలో రేడియో ప్రసారం చేసే పరికరానికి పూర్తి ఎఫ్‌సీసీ (అక్కడి కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ) సర్టిఫికేషన్, సొంత ఐడీ కావాలి, అదే మొత్తం లెక్కలో అత్యంత ఖరీదైన ముక్క. ముందే సర్టిఫై అయిన మాడ్యూల్‌ను తయారీదారు చెప్పిన షరతుల ప్రకారం వాడితే స్టిక్కర్ మీద "లోపల ఫలానా ఎఫ్‌సీసీ ఐడీ ఉంది" అని రాసుకుంటే సరిపోతుంది. మిగతా బోర్డు నుంచి అనవసరపు తరంగాలు రావడం లేదని పరీక్ష చేయించుకుని, దానికి మనమే హామీ పత్రం రాసుకోవాలి. షరతులంటే యాంటెన్నా మార్చకూడదు, దాని చుట్టూ చెప్పినంత ఖాళీ వదలాలి, ప్రసార శక్తిని సాఫ్ట్‌వేర్‌లో పెంచకూడదు.

ఇక్కడే యూరప్, అమెరికాల మధ్య అసలు తేడా. మాడ్యూల్ మీద సీఈ (యూరప్ ముద్ర) ఉంది కాబట్టి నా పెట్టెకూ సీఈ వచ్చేసినట్టే అనుకోవడం చాలా మామూలు పొరపాటు. యూరప్ చట్టం దృష్టిలో మాడ్యూల్ పెట్టిన క్షణం మీ పెట్టె మొత్తం ఒక కొత్త రేడియో పరికరం. మాడ్యూల్ రిపోర్టులు కొన్నిటికి ఆధారంగా చూపించొచ్చు, కానీ పూర్తి పెట్టెకు భద్రత, ఈఎంసీ (పక్క పరికరాలను కలవరపెట్టకుండా, వాటి తరంగాలను తాను తట్టుకోవడం), రేడియో మూడూ మీరే అంచనా వేసి, మీరే సంతకం పెట్టాలి. జపాన్ మళ్ళీ అమెరికా దారిలోనే ఉంటుంది, మాడ్యూల్‌కు అక్కడి గితేకి అనే రేడియో అనుమతి గుర్తు ఉంటే అది పనికొస్తుంది. అందుకే మాడ్యూల్ కొనేటప్పుడు ధర ఒక్కటే చూడకుండా ఏయే దేశాల కాగితాలున్నాయో డౌన్‌లోడ్ చేసి దగ్గర పెట్టుకోండి. పేరు, డబ్బా ఒకేలా ఉండి కాగితాలు లేని నకిలీ మాడ్యూళ్ళు బజార్లో తిరుగుతున్నాయి. ప్రోటోటైప్ వరకు కోఠి గుజరాతీ గల్లీలో ఏది దొరికితే అది వాడుకోండి, సరుకు పంపేటప్పుడు మాత్రం అధీకృత డిస్ట్రిబ్యూటర్ బిల్లు ఉండాలి.

వై-ఫై లేని చోట్లకు లోరా (తక్కువ కరెంటుతో చాలా దూరం పోయే రేడియో) పెడదామా అని మేమూ అనుకున్నాం. పొలాలకు, చేపల చెరువులకు అది చాలా మంచిది. కానీ 2.4 గిగాహెర్ట్జ్ లాగా అది ప్రపంచమంతా ఒకటి కాదు. మన దగ్గర 865 నుంచి 868 మెగాహెర్ట్జ్, యూరప్‌లో ఆ చుట్టుపక్కలే గానీ వేరే పరిమితులు, అమెరికాలో 902 నుంచి 928. అంటే రెండు యాంటెన్నాలు, రెండు స్టాకులు, రెండు రకాల టెస్టులు. 4జీ సిమ్ పెడితే ఇంకా పెద్ద లోకం. అమెరికాలో పీటీసీఆర్‌బీ అనే మొబైల్ పరికరాల సర్టిఫికేషన్, దాని మీద నెట్‌వర్క్ కంపెనీల సొంత అనుమతులు. మన దగ్గర టెలికాం ఇంజినీరింగ్ సెంటర్ వాళ్ళ తప్పనిసరి టెస్టింగ్ జాబితాలో సెన్సర్లను నెట్‌కు కలిపే ఐఓటీ గేట్‌వేలు ఉన్నాయి. మొదటి వస్తువుకు సిమ్ వద్దు.

వై-ఫైలోనూ చిన్న చిక్కుంది. ఛానెళ్ళు అమెరికాలో 11 దాకా, యూరప్‌లో 13 దాకా. శక్తి యూరప్‌లో 100 మిల్లీవాట్లకు మించకూడదు, అమెరికా అంతకంటే చాలా ఎక్కువ ఒప్పుకుంటుంది. కాబట్టి ఫర్మ్‌వేర్‌లో, అంటే పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్‌లో, దేశం కోడ్ సరిగ్గా ఉండాలి. ఒకే ఫర్మ్‌వేర్ అన్ని దేశాలకూ పంపాలంటే అందరిలోకీ తక్కువ పరిమితికి కట్టేసి పంపండి.

ఇప్పుడు దేశాలు

మన దేశం. 2012లో వచ్చిన ఉత్తర్వుతో 15 రకాల ఎలక్ట్రానిక్ వస్తువులకు బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది, జాబితా ఏళ్ళ తరబడి పెరుగుతూ వచ్చింది. జాబితాలో ఉంటే బీఐఎస్ గుర్తించిన మన దేశపు ల్యాబ్‌లోనే పరీక్ష చేయించాలి, ఆ రిపోర్టు వచ్చిన 90 రోజుల్లోపే దరఖాస్తు పెట్టాలి. మొదట రెండేళ్ళకు ఇస్తారు, తర్వాత పొడిగించుకోవచ్చు. జర్మనీ ల్యాబ్ రిపోర్టు ఎంత ఘనమైనదైనా ఇక్కడ చెల్లదు. పవర్ బ్యాంకు, బ్లూటూత్ స్పీకరు, స్మార్ట్ వాచ్, ఎల్ఈడీ లైట్లు చేసేవాళ్ళు ఇక్కడ మొదలుపెట్టక తప్పదు. సీసీ కెమెరా చేసేవాళ్ళకైతే 2025 ఏప్రిల్ నుంచి సైబర్ భద్రత పరీక్షలు కూడా వచ్చి పడ్డాయి. మా సెన్సర్ పెట్టె లాంటివి నేరుగా జాబితాలో ఉండకపోవచ్చు, అడాప్టర్, లిథియం బ్యాటరీల వల్ల మాత్రం దొడ్డిదారిన జాబితాలోకి వచ్చేస్తాయి, పైన చెప్పిందే. రేడియోకు టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఈటీఏ అనే అనుమతి ఉంది. లైసెన్సు అక్కర్లేని బ్యాండ్లకు సరళ్ సంచార్ పోర్టల్‌లో స్వీయ ప్రకటనతో వస్తుంది, చేతిలో రేడియో టెస్ట్ రిపోర్టు ఉండాలి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల కింద మీ వస్తువు వస్తుందో లేదో చూసుకోండి, వస్తే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర రిజిస్ట్రేషన్ కావాలి. డబ్బా మీద ఎమ్మార్పీ, తయారైన నెల, చిరునామా మర్చిపోకండి, తనిఖీకి వచ్చేవాళ్ళు ముందు చూసేది అదే.

యూరప్. బయటినుంచి చూస్తే అన్నిటికంటే సులువు, లోపలికి వెళ్తే అన్నిటికంటే లోతు. సీఈ అనేది ఎవరో ఇచ్చే సర్టిఫికెట్ కాదు. మా లాంటి వస్తువుల్లో ఎక్కువ భాగానికి తయారీదారే పరీక్షలు చేయించుకుని, టెక్నికల్ ఫైలు కట్టి, హామీ పత్రం మీద సంతకం పెట్టి, మామూలుగా కనీసం ఐదు మిల్లీమీటర్ల ఎత్తున ఆ రెండు అక్షరాలు ముద్రించుకుంటాడు. ఫైలు పదేళ్ళు దాచాలి. ఎవరూ ముందుగా అడగరు. అడిగిన రోజున లేకపోతే సరుకు మొత్తం వెనక్కి.

ఈ "ఎవరూ అడగరు" అన్న చోటే వ్యాపారం పుట్టింది. మాకూ ఒక కన్సల్టెంటు తగిలాడు. పన్నెండు వేలు, మూడు రోజులు, సీఈ సర్టిఫికెట్. పెట్టె కూడా పంపక్కర్లేదట, ఫొటో చాలట! నిజం చెప్పాలంటే కట్టాం. బంగారు అంచుతో అందమైన కాగితం వచ్చింది. జర్మనీ ఆయనకు పంపితే రెండు లైన్ల జవాబు: "ఇది మాకు పనికిరాదు. టెస్ట్ రిపోర్టులు, మీ హామీ పత్రం పంపండి." ఆ కాగితం ఇచ్చినవాళ్ళకు మా వస్తువు విషయంలో చట్టపరంగా ఏ పాత్రా లేదని అప్పుడు చదువుకున్నాం. పన్నెండు వేలు పోయాయి, అంతకంటే ఆయన దగ్గర పరువు పోయింది. అన్నట్టు, అక్షరాల మధ్య ఖాళీ తక్కువుంటే అది "చైనా ఎక్స్‌పోర్ట్" గుర్తు అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది కదా, అలాంటి అధికారిక గుర్తేదీ లేదు.

వై-ఫై ఉన్న పెట్టెకు వర్తించేది రేడియో పరికరాల ఆదేశం, 2014/53. మామూలు లో-వోల్టేజ్ ఆదేశం 50 వోల్టుల ఏసీ నుంచి మొదలవుతుంది కానీ రేడియో ఆదేశంలో ఆ కింది హద్దు లేదు, ఐదు వోల్టుల పెట్టెకూ భద్రత అంచనా రాయాల్సిందే. దానికి వాడే స్టాండర్డ్ 62368-1, పాత 60950ని యూరప్, అమెరికా రెండూ 2020 డిసెంబరులో పక్కన పెట్టాయి. మన దేశమూ అదే దారిలో ఉంది. దీనికితోడు సీసం లాంటి పది పదార్థాల పరిమితి, అంటే రోహెచ్ఎస్. కాబట్టి సోల్డరింగ్ చేసే యూనిట్‌ను సీసం లేని లైనులోనే చేశారా అని కాగితం మీద అడిగి తీసుకోండి.

అసలు దెబ్బ 2025 ఆగస్టు 1న తగిలింది. ఇంటర్నెట్‌కు కలిసే రేడియో పరికరాలకు ఆ రోజు నుంచి సైబర్ భద్రత కూడా సీఈలో భాగం. ఈఎన్ 18031 అనే స్టాండర్డ్ ప్రకారం చేస్తే స్వయంగా ప్రకటించుకోవచ్చు, కానీ వాడేవాడు పాస్‌వర్డ్ పెట్టుకోకుండానే నడిపించుకునే వీలు మీరు ఇచ్చారంటే ఆ వెసులుబాటు పోతుంది, నోటిఫైడ్ బాడీ, అంటే యూరప్ గుర్తించిన బయటి తనిఖీ సంస్థ దగ్గరకు వెళ్ళాలి. మా పెట్టెలో సరిగ్గా అదే ఉంది. కోల్డ్ స్టోరేజీ ఓనర్లు పాస్‌వర్డ్ మర్చిపోయి పొద్దున్నే ఫోన్లు చేస్తున్నారని తీసేశాం. దీని వెనకే సైబర్ రెజిలియెన్స్ చట్టం వస్తోంది, దాని కింద లోపాలు తెలియజేసే బాధ్యత 2026 సెప్టెంబరు నుంచి, మిగతా భారం 2027 డిసెంబరు నుంచి. అంటే యూరప్‌కు అమ్మాలంటే హార్డ్‌వేర్ టెస్టు కంటే, ఏళ్ళ తరబడి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇవ్వగల మనిషి మీ దగ్గర ఉన్నాడా అన్నది పెద్ద ప్రశ్న.

పైగా యూరప్‌లో చిరునామా ఉన్న ఒక బాధ్యుడు కావాలి, దిగుమతిదారైనా, అధీకృత ప్రతినిధైనా. పాత ఎలక్ట్రానిక్స్ చెత్తకు ఒక్కో దేశంలో విడిగా రిజిస్ట్రేషన్. జర్మనీలో అది చేయకుండా ఒక్క ముక్క కూడా అమ్మకూడదు. యూరప్‌ను ఒకే మార్కెట్ అనుకుని లెక్క వేసుకునేవాళ్ళు ఇక్కడ తడబడతారు.

అమెరికా. ఇక్కడ రెండు వేర్వేరు సంగతుల్ని కలిపేసుకుని జనం తికమక పడతారు. ఎఫ్‌సీసీ చూసేది తరంగాలను, షాక్ కొడుతుందా మంట వస్తుందా అన్నది దానికి పట్టదు. భద్రతకు మన బీఐఎస్ లాగా వినియోగదారుల ఎలక్ట్రానిక్స్ అన్నిటికీ వర్తించే ఒకే ఫెడరల్ ముద్ర లేదు. మరి యూఎల్ అనే ప్రైవేటు ల్యాబ్ ముద్రను ఎందుకంత అడుగుతారు? ఆఫీసులు, గోడౌన్లు, కొట్లు లాంటి పనిచేసే చోట్ల ఎలక్ట్రికల్ పరికరాలకు అక్కడి కార్మిక భద్రతా సంస్థ ఓఎస్‌హెచ్‌ఏ గుర్తించిన ల్యాబ్ ముద్ర ఉండాలన్న నిబంధన ఉంది, స్థానిక ఇన్‌స్పెక్టర్లు అడుగుతారు, బీమా వాళ్ళు అడుగుతారు, పెద్ద రిటైలర్లు అది లేకుండా అల్మరాలో పెట్టరు. యూఎల్ ఒక్కటే అక్కర్లేదు. ఈటీఎల్, సీఎస్ఏ, టీయూవీ సంస్థల అమెరికా ముద్రలూ ఆ గుర్తింపు ఉన్నవే, ధరలో, వేగంలో వాటిని తప్పక పోల్చుకోండి. ఏది తీసుకున్నా ఫ్యాక్టరీకి ఏడాదికి కొన్నిసార్లు చెప్పకుండా తనిఖీకి వస్తారు, ఆ ఫీజు ప్రతి ఏడూ ఉంటుంది. కొటేషన్‌లో చిన్న అక్షరాల్లో ఉండేది అదే.

మేం పెట్టె మొత్తానికి ఈ ముద్ర వేయించలేదు. యూఎస్‌బీతో నడుస్తుంది, అడాప్టర్ అక్కడే కొనుక్కునే యూఎల్ ముద్ర ఉన్నది. చిన్న కొట్లకు ఇది సరిపోతోంది, పెద్ద చెయిన్ల వాళ్ళు ఒప్పుకోరని ముందే తెలుసుకునే దిగాం. ఎఫ్‌సీసీ వైపు మాడ్యూల్ ఐడీ, దానికితోడు బోర్డుకు ఎస్‌డీఓసీ అనే సొంత హామీ పత్రం. ఆ పత్రం మీద అమెరికాలో ఉండే బాధ్యుడి పేరు, చిరునామా తప్పనిసరి. దిగుమతి చేసుకునేది మా బామ్మర్దే కాబట్టి ఆ పేరు వాడిదే. "సంతకమేగా బావా, పంపు" అన్నాడు. రేపు ఎఫ్‌సీసీ ఉత్తరం రాస్తే నీకే రాస్తుందిరా, రిపోర్టులు నీ దగ్గరా ఉండాలి అని చెప్పి, మొత్తం చదివించాకే పెట్టించాను. చుట్టరికం మీద ఇలాంటి పనులు చేయించుకునే వాళ్ళు ఈ మాట ముందే చెప్పండి. ఇంకోటి, వ్యాపారాలకే అమ్ముతాం కదా అని తరంగాల పరిమితిలో కాస్త సడలింపు ఉన్న క్లాస్-ఎ తీసుకోవచ్చు, కానీ ఆన్‌లైన్‌లో ఎవరైనా కొని ఇంట్లో పెట్టుకునే వీలుంటే క్లాస్-బి చేయించుకోండి.

ఇంగ్లండ్ గురించి ఎక్కువ చెప్పను. యూకేసీఏ అని కొత్త గుర్తు పెట్టి, గడువులు పొడిగించీ పొడిగించీ, చివరికి ఎలక్ట్రానిక్స్‌లో చాలా వాటికి సీఈనే ఒప్పుకుంటామన్నారు. యూరప్ పని అయితే ఇదీ దాదాపు అయినట్టే. ఒక్కటి మాత్రం అదనం: 2024 ఏప్రిల్ 29 నుంచి, ఇంటర్నెట్‌కు కలిసే వినియోగదారుల వస్తువులకు అన్ని పెట్టెలకూ ఒకే డిఫాల్ట్ పాస్‌వర్డ్ ఉండకూడదు, లోపాలు చెప్పడానికి చిరునామా ఇవ్వాలి, అప్‌డేట్లు ఎంతకాలం ఇస్తారో రాసి చెప్పాలి.

గల్ఫ్. ఎమిరేట్స్‌లో రేడియోకు అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ టీడీఆర్ఏ అనుమతి, సౌదీలో సరుకు అనుమతులకు సేబర్ పోర్టల్. రెండుచోట్లా మన సొంతంగా పని జరగదు, స్థానికంగా కంపెనీ ఉన్నవాళ్ళు కావాలి. ఊరట ఏంటంటే యూరప్ స్టాండర్డ్‌ల మీద చేయించిన రేడియో, ఈఎంసీ రిపోర్టులు ఇక్కడ పనికొస్తాయి, ఆస్ట్రేలియా ఆర్‌సీఎం ముద్రకు కూడా అంతే. అందుకే సీఈ కోసం పెట్టిన ఖర్చును యూరప్ అమ్మకాలతోనే తూచకూడదు. జర్మనీకి ఒక్కటీ అమ్మకపోయినా ఆ రిపోర్టులతో షార్జాకు వెళ్ళొచ్చు. ఎఫ్‌సీసీ రిపోర్టు ఇలా అన్ని చోట్లా తిరగదు.

ల్యాబ్ దగ్గర

పవర్ సప్లై మీరే చేస్తుంటే సీబీ స్కీమ్‌లో టెస్ట్ చేయించుకోండి. ఒక రిపోర్టు, దానికి ఒక్కో దేశపు తేడాలు జోడించుకుంటూ చాలా దేశాల్లో మళ్ళీ పరీక్షలు తప్పించుకోవచ్చు. యూఎస్‌బీ పెట్టెకు అంత హంగామా అక్కర్లేదు, మామూలు 62368-1 రిపోర్టు చాలు. హైదరాబాద్‌లో కేంద్ర ప్రభుత్వపు ఈటీడీసీ, చెన్నైలో సమీర్ అనే టెస్ట్ ల్యాబ్‌లు ఉన్నాయి. ప్రైవేటువి ఎక్కువగా బెంగళూరులో. ఎన్ఏబీఎల్ (మన దేశపు ల్యాబ్‌ల గుర్తింపు మండలి) గుర్తింపు ఉన్న ప్రతి ల్యాబ్ రిపోర్టూ పూర్తి ఎఫ్‌సీసీ సర్టిఫికేషన్‌కు చెల్లదు, ఎఫ్‌సీసీ సొంత జాబితాలో ఉండాలి. ఎస్‌డీఓసీకి అంత కట్టుదిట్టం లేదు.

ఒక్క విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. అసలు టెస్టుకు ముందు అరపూట ప్రీ-కంప్లయన్స్ స్కాన్ చేయించుకోండి. మా పెట్టె మొదటిసారి 200 మెగాహెర్ట్జ్ దగ్గర గీత దాటి ఫెయిలయింది. బోర్డు అంతా వెతికాం. చివరికి చూస్తే సెన్సర్‌కు వెళ్ళే మూడు మీటర్ల వైరే యాంటెన్నా అయి కూర్చుంది. కనెక్టర్ దగ్గర అనవసరపు తరంగాలను అణిచే ఒక ఫెర్రైట్, రెండు కెపాసిటర్లు, పది రూపాయల సామాను. అది అసలు టెస్టులో బయటపడి ఉంటే ఛాంబర్ అద్దె మళ్ళీ కట్టి, క్యూలో మళ్ళీ మూడు వారాలు నిలబడేవాళ్ళం. శాంపిల్‌తో పాటు కస్టమరు వాడే పొడుగాటి వైరే తీసుకెళ్ళండి, టెస్టు పాసవ్వాలని అడుగు ముక్క తీసుకెళ్ళకండి.

ఇక ఎవరికి ఏది. ఇంకా ప్రోటోటైప్ దశలోనే ఉంటే ఏ సర్టిఫికెట్టూ వద్దు, యూఎస్‌బీ, మాడ్యూల్ అన్న రెండు నిర్ణయాలు తీసుకుని ఊరుకోండి. ఇక్కడే అమ్మాలనుకుంటే బీఐఎస్ జాబితా చూసి, ఈటీఏ తీసుకుని ఆగండి. అమెరికాలో నమ్మకమైన మనిషి ఉండి చిన్న కొట్లకే అమ్మాలంటే మాడ్యూల్, ఎస్‌డీఓసీ దారి అన్నిటికంటే చవక, త్వరగా అవుతుంది. గల్ఫ్, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా మూడిట్లో ఏ రెండు మీ దృష్టిలో ఉన్నా సీఈ రిపోర్టులు ముందు చేయించండి. యూరప్‌లోనే అమ్మాలంటే మాత్రం సాఫ్ట్‌వేర్ సిద్ధమయ్యాకే ల్యాబ్‌కు వెళ్ళండి. జపాన్‌కు ఆర్డర్ చేతికి వచ్చేదాకా రూపాయి పెట్టకండి.

అన్నీ పాసయ్యాక పార్టుల జాబితాకు తాళం వేయండి. స్టాకు లేదని అసెంబ్లీ వాళ్ళు వోల్టేజీ మార్చే డీసీ-డీసీ చిప్‌ను "దానికి సమానమైనది" అంటూ మార్చేస్తే రిపోర్టులో ఉన్న పెట్టె వేరు, మీరు అమ్ముతున్న పెట్టె వేరు అవుతుంది. మాకు ఒక బ్యాచ్‌లో అదే జరిగింది, ముప్పై పెట్టెలు పక్కన పెట్టి మళ్ళీ స్కాన్ చేయించాకే పంపాం. ఇప్పుడు షార్జా ఆయన టీడీఆర్ఏ దరఖాస్తు పెట్టుకున్నారు, బామ్మర్ది మొదటి నలభై కొట్లలో బిగిస్తున్నాడు. పాస్‌వర్డ్ లేకుండా సెటప్ పూర్తికాని ఫర్మ్‌వేర్ రాస్తున్నాం, అది అయ్యేదాకా జర్మనీ ఆయన్ను ఆగమన్నాను.